నీళ్లు పోసేకొద్దీ వాడిపోయిన ఫెలనాప్సిస్: ఒక కేస్ స్టడీ

ఇళ్లలో పెంచే ఆర్కిడ్లు నా దగ్గరికి ఎక్కువగా ఒకే ఫిర్యాదుతో వస్తాయి. ఆకులు మెత్తబడి వేలాడుతున్నాయి, నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు. ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ అయిన ఈ మొక్కదీ అదే కథ. దీని గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. కుండీ సైజు, అందులో నింపిన మిశ్రమం, నీళ్లు పోసే పద్ధతి, ఆ నీళ్లలోని ఉప్పు అన్నీ కలిసి ఇందులో వేర్లను దెబ్బతీశాయి. దేన్ని ముందు సరిచేయాలి, దేన్ని కొన్నాళ్లు కదపకుండా వదలాలి అన్నది తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని.

వచ్చినప్పటి పరిస్థితి

తెల్లపూల ఫెలనాప్సిస్ హైబ్రిడ్. పూలతో ఉండగా కొన్నారు, ఇంటికొచ్చి ఏడాదిన్నర దాటింది. మొత్తం ఐదు ఆకులు. అడుగు రెండూ పసుపెక్కాయి. పై వాటి మీద పొడవునా ముడతలు, పట్టుకుంటే బిగువు లేదు. మొవ్వులో లేత ఆకు కొద్దిగా బయటికొచ్చి ఆగిపోయింది. పాత పూలకాడ మాత్రం పచ్చగానే ఉంది, దాని కణుపు దగ్గర ఒక పక్క కొమ్మ మొదలైంది కూడా. చూసేవాళ్లకు అది మంచి సూచనలా కనిపిస్తుంది. నా లెక్కలో కాదు. వేర్లు పోయిన ఫెలనాప్సిస్ ఆకుల్లో దాచుకున్న నీళ్లనీ పిండినీ ఖర్చుపెట్టి చివరిసారి పూయడానికి ప్రయత్నించడం మామూలే.

"ఎన్ని రోజులకోసారి పోయాలండీ?" అన్నది మొక్కను తెచ్చినావిడ మొదటి ప్రశ్న.

"పోసే ముందు మీరు ఏం చూస్తారు?" అని అడిగాను.

"ఆకులు చూస్తానండీ. వాడినట్టుంటే పోస్తాను."

సగం కేసు ఆ మాటలోనే ఉంది. మిగతా సగం నెమ్మదిగా అడిగితే తెలిసింది. పూలు రాలాక మొక్క ఇరుకుగా ఉందనిపించి 9 సెంటీమీటర్ల కుండీ నుంచి 15 సెంటీమీటర్ల కుండీకి మార్చారు. వేర్లను కదిలించకూడదని విన్నందువల్ల పాత ముద్దను విప్పకుండా అలాగే దించారు. చుట్టూ బెరడు ముక్కలూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి నింపారు, నీళ్లు బాగా దిగాలని అడుగున గులకరాళ్లు పరిచారు. అందం కోసం ఆ మొత్తాన్ని అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలో పెట్టారు. మొదట్లో వారానికోసారి నీళ్లు పోసేవారు. ఆకులు వాడటం మొదలయ్యాక మూడు రోజులకోసారి పోశారు, ఆ తర్వాత రోజూ ఆకుల మీద పిచికారీ కూడా చేశారు. అంత శ్రద్ధగా చూసుకుంటున్నా మొక్క దిగజారుతుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

కుండీ విప్పకముందే కొన్ని సంగతులు తేలాయి. పై బెరడు పొడిగా ఉంది, కుండీ మాత్రం చేతికి బరువుగా ఉంది. వేలు పెట్టి చూసి పొడిగా ఉందనుకునే అలవాటు ఇక్కడే మోసం చేస్తుంది. పింగాణీ కుండీ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. మొక్క మొదలు పట్టుకుని కొద్దిగా కదిపితే ఊగింది, అంటే లోపల దాన్ని పట్టి ఉంచే వేర్లు లేవు. అంచు చుట్టూ తెల్లటి ఉప్పు పొర. వాడుతున్న నీళ్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) మీటరు పెడితే 600 దాటింది. మొవ్వు మాత్రం గట్టిగా, శుభ్రంగా ఉంది, నల్లమచ్చ గానీ జిగురు గానీ లేదు. అన్నిటికంటే ముందు నేను చూసేది మొవ్వునే. ఫెలనాప్సిస్ ఒకే కాండం మీద పైకి పెరిగే మొక్క. డెండ్రోబియం, క్యాట్లియా అనే ఆర్కిడ్లలా పక్కనుంచి కొత్త పిలకలు వేసుకుంటూ పోదు. మొవ్వు కుళ్లితే ఎప్పుడో అరుదుగా మొదట్లోంచి పిల్ల మొక్క రావాలి తప్ప, ఆ కాండం పైకి పెరగదు. మొవ్వు బాగుండి, కాండం గట్టిగా ఉంటే వేర్లు కొత్తగా పుట్టించుకోవచ్చు.

కుండీ విప్పాక

పుల్లటి కుళ్లు వాసన. బయటి పొరలో బెరడు, కోకోపీట్. మధ్యలో నర్సరీలో పెట్టిన స్ఫాగ్నమ్ నాచు ముద్ద, పిండితే నీళ్లు కారుతోంది. పెంపకందారులు చిన్న మొక్కను నాచులో పెంచి, అదే ముద్దతో పెద్ద కుండీలోకి మారుస్తారు. వాళ్ల గ్రీన్‌హౌస్‌లో గాలి, వెలుతురు, నీళ్లు కొలత ప్రకారం ఉంటాయి కాబట్టి అక్కడ అది చక్కగా పనిచేస్తుంది. ఇంట్లో అదే ముద్ద చుట్టూ మరో తడి పొర చేరితే మధ్యలో తడి ఆరే దారి ఉండదు. కొత్తగా కొన్న ఫెలనాప్సిస్ పూలు రాలాక ఆ ముద్దను తప్పకుండా విప్పి తీయాలన్నది నా గట్టి అభిప్రాయం. వేర్లను కదిలించకూడదన్న సలహా చాలా మొక్కలకు సరిపోవచ్చు, దీనికి మాత్రం ఆ సలహాయే ప్రాణం మీదికి తెస్తుంది.

కడిగి చూస్తే 15 వేర్లలో బతికినవి 4. అవన్నీ కాండం పైభాగం నుంచి పుట్టి ఉపరితలం దగ్గరే ఉన్నవి. మిగతావి గోధుమరంగులో, నొక్కితే గుల్లగా ఉన్నాయి. లాగితే పైపొర తొడుగులా ఊడి సన్నటి దారం మిగిలింది. ఆ దారం లోపలి నాళాల కట్ట, నీళ్లు పీల్చుకునే శక్తి దానికి లేదు.

వేరు రంగు ఒక్కటే చూసి కోసేయకూడదు. బెరడు రంగు అంటుకుని గోధుమగా కనిపించే వేర్లు, వెలుతురు తగలక పసుపుగా ఉండే వేర్లు నిక్షేపంగా బతికే ఉంటాయి. నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే ఉంచాలి.

తర్వాత కాండం అడుగున చచ్చిన భాగాన్ని సన్నటి బిళ్లలా కోసి చూశాను. ఫ్యుజేరియం అనే శిలీంద్రం పట్టిన ఆర్కిడ్లలో ఆ కోత మీద గులాబీ, ఊదా కలిసిన వలయం కనిపిస్తుంది. ఇక్కడ లోపల లేత రంగులో శుభ్రంగా ఉంది. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే నల్లకుళ్లు అయితే కాండం నుంచి ఆకు మొదట్లోకి నల్లగా, తడిగా పాకుతూ ఉండేది. అదీ లేదు. కాబట్టి నిర్ధారణ: గాలి అందక వేర్లు చనిపోయాయి, చచ్చిన వేర్ల మీద కుళ్లు చేరింది, మిగిలిన కొద్ది వేర్లు ఆకులకు సరిపడా నీళ్లు అందించలేకపోతున్నాయి. అంటే ఆకులు నిజంగానే దాహంతో ఉన్నాయి. కుండీలో నీళ్లకు కొదవ లేదు, వాటిని పైకి చేర్చేవే లేవు.

వేర్లు ఎందుకు ఊపిరాడక చచ్చాయి

అడవిలో ఫెలనాప్సిస్ చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. వేర్లు చాలావరకు గాలిలోనే ఉంటాయి. వాటి మీద వెలామెన్ అనే పొర ఉంటుంది. చనిపోయిన కణాలతో ఏర్పడిన ఈ పొర వాన పడగానే నిమిషాల్లో నీళ్లు పీల్చుకుని, లోపలి బతికున్న కణాలకు మెల్లగా అందిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు దాని ఖాళీల్లో గాలి ఉండటంవల్ల వేరు వెండిరంగులో కనిపిస్తుంది. తడిసినప్పుడు పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఈ రంగు మార్పే మనకు దొరికే అతి నమ్మకమైన సూచన. నేను పారదర్శకమైన కుండీలనే వాడమనడానికి కారణం కూడా ఇదే.

వేర్లు కూడా శ్వాసిస్తాయి. నీళ్లలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వెలామెన్ తడిసి, చుట్టూ మిశ్రమంలోని సందులు కూడా నీళ్లతో నిండి, అది రోజుల తరబడి అలాగే ఉంటే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. రోజూ వాన పడే అడవిలో ఇవి ఎందుకు చావవని చాలామంది అడుగుతారు. అక్కడ తడవడం ఎంత త్వరగా జరుగుతుందో ఆరడం కూడా అంతే త్వరగా జరుగుతుంది, తడిసి ఉన్నంతసేపూ చుట్టూ గాలి ఆడుతూనే ఉంటుంది.

19వ శతాబ్దంలో బ్రిటన్ తోటల్లో జరిగింది కూడా ఇలాంటిదే. ఉష్ణమండల మొక్కలు కదా అని ఆర్కిడ్లను గాలి చొరబడని, ఉక్కపోతగా ఉండే గాజు గదుల్లో పెట్టి, దూరదేశాల నుంచి తెచ్చిన మొక్కలను పెద్ద సంఖ్యలో పోగొట్టుకున్నారు. చాట్స్‌వర్త్ ఎస్టేట్ తోటలు చూసిన జోసెఫ్ ప్యాక్స్టన్ లాంటివాళ్లు గాలి ఆడే గదుల్లో, తక్కువ వేడిలో పెంచడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది.

ఇక అడుగున పరిచిన గులకరాళ్లు. ఏ కుండీలోనైనా నీళ్లు కారిపోయాక అడుగున కొంత ఎత్తువరకు తడి పొర నిలిచే ఉంటుంది. ఆ ఎత్తు మిశ్రమంలోని ముక్కల సైజును బట్టి ఉంటుంది. ముక్కలు సన్నగా ఉంటే ఎక్కువ ఎత్తు, పెద్దవైతే తక్కువ. స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకుంటే నీళ్లు కారడం ఆగిపోతుంది, అప్పుడే దాన్ని నిలువుగా తిప్పితే ఇంకొంత కారుతుంది. లోపల నిలిచే పొర మందం మారదు కాబట్టే అలా జరుగుతుంది. కుండీ అడుగున రాళ్లు పోస్తే ఆ తడి పొర రాళ్ల మీదికి, అంటే వేర్ల దగ్గరికి ఎక్కుతుంది. ఈ మొక్కకు కోకోపీట్‌తో ఆ పొర మందం పెరిగింది, రాళ్లతో అది పైకి లేచింది.

పెద్ద కుండీ సంగతీ అంతే. వేర్లు పరుచుకోని చోట మిశ్రమం తడిని ఎవరూ వాడుకోరు. ఆరడం ఆలస్యమవుతుంది. ఆర్కిడ్‌కు వేర్ల ముద్ద సరిగ్గా పట్టేంత కుండీ చాలు, కొంచెం బిగుతుగా ఉన్నా నష్టం లేదు.

చేసిన చికిత్స

పూలకాడను కణుపు కింద కాకుండా మొదటికంటా తీసేశాను. ఆవిడ చాలా బాధపడ్డారు. కానీ 4 వేర్లున్న మొక్క పూలు పూయడానికి పెట్టే ఖర్చంతా కొత్త వేర్ల నుంచి తీసుకుంటుంది. ఈ విషయంలో నేను మొహమాటపడను.

కత్తెరను మంటలో కాల్చి చల్లార్చాకే కోత మొదలుపెట్టాను. సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ వైరస్ రెండూ కత్తెరకు అంటిన రసం ద్వారా ఒక మొక్క నుంచి మరో మొక్కకు సోకుతాయి, వాటికి మందు లేదు. కాబట్టి మొక్క మారినప్పుడల్లా కాల్చడమో, కొత్త బ్లేడు తీసుకోవడమో తప్పదు. చచ్చిన వేర్లన్నీ తీసేశాను. దాల్చినచెక్క పొడి చల్లమంటారా అని ఆవిడ అడిగారు. ఆకు మీద కోసిన గాయానికైతే కొద్దిగా పరవాలేదు, వేర్ల దగ్గర వద్దు. అది తడిని పీల్చి బతికున్న వేరునూ ఎండబెడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే, బుసబుసమని పొంగితే శుభ్రమైనట్టు అనిపిస్తుంది గానీ బతికున్న కణాలనూ కాలుస్తుంది. శిలీంద్ర నాశని వాడలేదు. కాండం కోత శుభ్రంగా ఉంది, కుళ్లిన భాగం తీసేశాం, గాలి అందేలా చేయబోతున్నాం. పాకే నల్లకుళ్లో, ఊదా వలయమో కనిపించి ఉంటే నిర్ణయం వేరుగా ఉండేది.

కోతలు ఆరేందుకు ఒక రాత్రి నీడలో గాలికి ఉంచాం. ఈలోగా బెరడును నీళ్లలో నానబెట్టాం. పొడి బెరడు మొదట్లో నీళ్లను అంటించుకోదు. నానబెట్టకుండా నింపితే మొదటి కొన్నిసార్లు పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి.

వేర్లే లేని మొక్కనైతే తడిపి పిండిన నాచు మీద ఆనించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి వెలుతురులో ఉంచుతాను. ఆ పద్ధతి ఇక్కడ కూడా ఆలోచించి వద్దనుకున్నాను. బతికున్న 4 వేర్లు గాలికి అలవాటు పడినవి, మూసిన తడిలో పెడితే వాటినీ పోగొట్టుకోవచ్చు. అలాగని పెద్ద బెరడు ముక్కల్లో పెడితే ఇన్ని తక్కువ వేర్లకు తడి సరిగా తగలదు. అందుకే 10 నుంచి 15 మిల్లీమీటర్ల బెరడు ముక్కలు, కొద్దిగా పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) తీసుకున్నాను. పై పొరలో, కొత్త వేర్లు పుట్టే చోటుకు కాస్త ఎడంగా, వదులుగా కొన్ని నాచు పోగులు పెట్టాను. కుండీ తిరిగి 9 సెంటీమీటర్లది, పారదర్శకం, అడుగునా పక్కలా రంధ్రాలున్నది. కింది ఆకు మొదలు మిశ్రమం పైనే ఉండేలా నాటి, మొక్కను సన్నటి పుల్లకు కట్టాను. ఈ కట్టడం చిన్న పనిగా కనిపిస్తుంది. మొక్క ఊగితే కొత్తగా పొడుచుకొచ్చే వేరు చివర బెరడుకు రాసుకుని ఆగిపోతుంది, అందుకే దీన్ని వదలను.

ఎండ నేరుగా పడని వెలుతురు, మెల్లగా కదిలే గాలి. ఎరువు బంద్.

నీళ్ల లెక్క

రోజుల లెక్క మానేసి బరువు లెక్క పెట్టుకోమన్నాను. నాటిన కుండీని బాగా తడిపి, నీళ్లు పూర్తిగా కారాక తూచాం. 330 గ్రాములు. కుండీ గోడకు ఆనిన వేర్లు పైనుంచి కిందిదాకా వెండిరంగుకు తిరిగి, లోపలి గోడ మీద నీటి ఆవిరి చుక్కలు పోయినప్పుడు మళ్లీ తూచాం. 255 గ్రాములు. 260 దగ్గరికి వచ్చినప్పుడు పోయాలని కుండీ మీద రాసి అంటించాం. మొక్క పెరిగేకొద్దీ దాని బరువు పెరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఈ అంకెలు సరిచూసుకోవాలి. తూనిక లేకపోయినా కొన్నాళ్లకు చెయ్యే చెబుతుంది.

పోసేటప్పుడు మాత్రం పొదుపు వద్దు. ఉదయం పూట, మిశ్రమం అంతా తడిసి రంధ్రాల్లోంచి ధారగా కారేలా పోయాలి, పది నిమిషాలయ్యాక మళ్లీ ఒకసారి పోసి పూర్తిగా కారనివ్వాలి. ఆ తర్వాతే పింగాణీ కుండీలోకి. మొవ్వులో నీళ్లు చేరితే కాగితం మొనతో అద్ది తీసేయాలి, రాత్రంతా నిలిస్తే అక్కడ కుళ్లు పట్టవచ్చు. పిచికారీ పూర్తిగా మానిపించాను. మందమైన ఆ ఆకులు పైనుంచి పీల్చుకునే నీళ్లు లెక్కలోకి రావు, మొవ్వులో తడి మాత్రం చేరుతుంది.

ఐస్ ముక్కల గురించి కూడా అడిగారు. బెరడులో పెరిగే ఫెలనాప్సిస్‌కు ఐస్ ముక్కలతో నీళ్లు పెట్టి ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. పూలు నిలిచే కాలం తగ్గలేదని అందులో తేలింది. అంటే ఆ చల్లదనం మొక్కను చంపదు. అయినా నేను వద్దన్నాను. కొద్దికొద్దిగా కరిగే నీళ్లు పేరుకున్న ఉప్పును కడగలేవు, ఈ మొక్క వేర్లకు ఉప్పు దెబ్బ అప్పటికే తగిలింది.

ఆ ఉప్పు కోసమే నీళ్లు మార్చాం. ఆర్కిడ్లకు టీడీఎస్ 200 లోపుంటే మంచిదంటాను. ఆవిడ ఆర్వో నీళ్లలో పాత నీళ్లు కొద్దిగా కలిపి ఆ స్థాయికి తెచ్చారు. వాన నీళ్లు దొరికినప్పుడు అవే. ఉప్పు ఎక్కువైన మిశ్రమంలో వేరు చివర నల్లబడి ఆగిపోతుంది, తడి ఉన్నా వేరు నీళ్లను లాగలేదు.

తర్వాత జరిగింది

మొదటి నెల మొక్క ఇంకా దిగజారింది. పసుపెక్కిన రెండు ఆకులూ రాలాయి, మూడోది మరింత ముడతపడింది. "ఆకులు ఇంకా వాడాయండీ, కొంచెం పోయమంటారా?" అని ఫోన్. "బరువెంతుంది?" "290." "అయితే ఆగండి." ఈ దశలోనే చాలామంది ఓపిక పోయి నీళ్లు పోసేస్తారు. వేర్లు తీసేసిన మొక్క ఆకుల్లోని నీళ్లను వాడుకుంటూనే కొత్త వేర్లు వేస్తుంది. ఆకు తేరుకోవడం అన్నిటికంటే చివర జరుగుతుంది. ఆవిడ ఆగారు. చికిత్సలో కష్టమైన భాగం అదే, అది చేసింది ఆవిడే.

రెండో నెలలో కాండం మొదట్లో ఆకు కిందనుంచి పచ్చటి మొన ఒకటి పొడుచుకొచ్చింది. పాత వేరు ఒకదానికి కొత్త చివర కూడా వచ్చింది. అప్పటినుంచి ఎరువు మొదలుపెట్టాం, డబ్బా మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు. ఆర్వో నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉండవు కాబట్టి అవి ఉన్న ఎరువునే ఎంచుకున్నాం. నెలకోసారి ఎరువు లేని నీళ్లతో కడగడం. పాత ఆకుల ముడతలు పూర్తిగా పోలేదు, పోవు కూడా. మొవ్వులో ఆగిన ఆకు కదిలి, పాతవాటికంటే చిన్నగానే అయినా గట్టిగా విచ్చుకుంది. కోలుకుందా లేదా అన్నది ఆ కొత్త ఆకును చూసి చెప్పాలి.

చల్లటి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గరికి దిగగానే పూలకాడ మొన కనిపించింది. రోజంతా 28 డిగ్రీల పైన ఉండే చోట ఫెలనాప్సిస్ కాడ వేయదు, చల్లబడితే మొక్క ఎలా ఉన్నా వేయాలని చూస్తుంది. అప్పటికి గోడకు ఆనిన వేర్లు ఏడు. ఆ కాడనూ తీసేయమన్నాను. ఏడు వేర్లు చాలు కదా అనే పెంపకందారులు ఉంటారు. మొక్క ఆకుల బిగువు చూసి నాకు సరిపోదనిపించింది. మరుసటి ఏడాది చలికాలంలో వచ్చిన కాడను ఉంచాం, పూసింది.

బెరడు రెండేళ్లలోపు నలిగి సన్నబడుతుంది, అప్పుడు అదీ కోకోపీట్ లాగే తడిని పట్టి ఉంచుతుంది. పూలయ్యాక, కొత్త వేర్ల మొనలు పచ్చగా కనిపించే సమయం చూసి దాన్ని మార్చాలని నిర్ణయించుకున్నాం.

ఒక హెచ్చరిక. ఈ బరువు పద్ధతి బాగుందని ఆవిడ పక్కనే ఉన్న పాఫియోపెడిలమ్ అనే మరో ఆర్కిడ్‌కూ ఇదే పెట్టారు, అంటే వేర్ల దగ్గర దాదాపు పూర్తిగా ఆరేదాకా ఆగారు. దాని ఆకుల చివరలు గోధుమరంగుకు తిరిగాయి. పాఫియోపెడిలమ్ వేర్లకు లేత తడి ఎప్పుడూ ఉండాలి. బాగా తడిపినప్పటి నుంచి ఆరేలోగా పోయే నీటి బరువులో సగం తగ్గగానే మళ్లీ పోయమని దానికి వేరే అంకె రాసి అంటించాం. ఆవిడ దగ్గరున్న వాండా ఆర్కిడ్‌కు మిశ్రమమే లేదు, వేర్లు గాలిలో వేలాడుతుంటాయి కాబట్టి వేడి రోజుల్లో దాన్ని రోజూ తడపాల్సిందే, దానికి తూనికతో పనిలేదు, వేర్ల రంగు చాలు. డెండ్రోబియం నోబిలేకైతే చలినెలల్లో నీళ్లు బాగా తగ్గించి, ఎరువు ఆపాలి. ఒకే అలమారలోని నాలుగు మొక్కలకు ఇప్పుడు నాలుగు రకాల సూచనలు అంటించి ఉన్నాయి.